పేజీ తిప్పే చోట చిల్లు

ఆ ఆదివారం పొద్దున ఆ ఇంట్లో ఉన్నది ఏడుగురు. రెండో వయొలిన్ల జట్టుకు పెద్దయిన లక్సిత, మూడో ఏడు విద్యార్థిని. ఆమె వెనక, స్వరాల కాగితాలు పెట్టుకునే రెండో స్టాండు దగ్గర వాయించే గాయూ, రెండేళ్ళ కిందటే చదువు ముగియాల్సినవాడు. గాయూ పక్కన కూర్చుని అతనికి పేజీలు తిప్పే దానాంగ్. ఆ వెనక త్యుర్మా, ఆమె పక్కన నికెన్. వంటింట్లో మూకుడు ముందు ఇంటావిడ జుమీరా పెద్దమ్మ. చివరగా, గుమ్మానికి అందరికంటే దగ్గరగా, చాప అంచు మీద ఎన్సి.

వీళ్ళలో ఒకావిడకు తప్ప మిగిలిన ఆరుగురికీ వాయించడం పని. ఆ ఆరుగురిలో ఐదుగురు ఆరో మనిషి మీద మండిపడుతున్నారు. ఆరో మనిషి ఎన్సి.

ఇల్లు జోగ్జా నగరంలో, విశ్వవిద్యాలయం వెనక సందులో ఉంది. విద్యార్థుల ఆర్కెస్ట్రా దాన్ని అద్దెకు తీసుకుని ఎన్నేళ్ళయిందో ఎవరికీ గుర్తులేదు. ముందు గదిలో కాళ్ళు వంకరపోయిన స్టాండ్లు, పాత కచేరీల పోస్టర్లు, గోడకు చేరేసిన, పెద్ద వయొలిన్లలాంటి రెండు చెల్లోలు, ఎవరివో మూడు చెప్పుల జతలు. జుమీరా పెద్దమ్మ వెనక వాటాలో ఉంటుంది. ఏళ్ళ తరబడి వినీ వినీ ఆమెకు సింఫనీలన్నీ సందులో కూరగాయల బండి కేకలంత మామూలైపోయాయి.

ఎన్సికి పద్దెనిమిదేళ్ళు. ఊరు జోగ్జాకు చాలా తూర్పున, ఫ్లోరెస్ దీవిలో, మౌమెరె పట్నానికి పైనున్న కొండ మీద. అక్కడ ఆమె తాతకు ఒక తీగల బ్యాండు ఉంది. ఐదుగురే మనుషులు, వయొలిన్ ఒక్కటే. పెళ్ళిలో ఆ ఒక్క వయొలిన్ ఆగిందంటే ఆడేవాళ్ళ కాళ్ళు గాల్లోనే ఆగిపోతాయి. తాత వేళ్ళు వంకరపోయాక ఆ వయొలిన్ ఎన్సి చేతికి వచ్చింది. అప్పటికామెకు పన్నెండేళ్ళు. చర్చి పాటలు అంకెల్లో రాసుకుని నేర్చుకుంది. గీతల మీద చుక్కలు పెట్టి రాసే పద్ధతి ఇక్కడికి వచ్చాకే, మూడు వారాల్లో, కళ్ళు ఎర్రబడేదాకా కూర్చుని పట్టుకుంది.

పట్టుకున్న నాలుగో వారమే లక్సిత ఆమెను పిలిచి మొదటి స్టాండు దగ్గర తన పక్కన కూర్చోబెట్టింది. జట్టంతా నోరు తెరిచింది. మొన్న మొన్న వచ్చిన పిల్లకు మొదటి స్టాండా అని నికెన్ వారం రోజులు ఎవరితోనూ సరిగా మాట్లాడలేదు. ఎన్సి మాత్రం అది తన వాయింపుకు దక్కిన గౌరవమే అనుకుంది. ఇంటికి ఫోన్ చేసి చెప్పింది కూడా. వచ్చే శనివారం కచేరీని విశ్వవిద్యాలయం వాళ్ళు ఫోన్లలో చూపిస్తారట. సిగ్నల్ ఉండేది చర్చి దగ్గరొక్కచోటే కాబట్టి ఊళ్ళోవాళ్ళు అక్కడికి చేరాలని, తాతను మోసుకొచ్చి ముందు వరసలో కూర్చోబెట్టాలని అప్పుడే మాట్లాడేసుకున్నారు.

ఇదంతా శుక్రవారం దాకా బాగానే ఉంది. శుక్రవారం రిహార్సల్‌లో, ఆర్కెస్ట్రాను నడిపించే మాస్టారు సింఫనీ చివరి భాగం మధ్యలో చేతిలో పుల్ల కిందికి దించేశాడు. అరవై మందీ ఆగిపోయారు.

"రెండో వయొలిన్లు," అన్నాడాయన, "ఇక్కడికి రాగానే మీరు ఎక్కడికి పోతున్నారు? పరిగెత్తుకుంటూ వస్తారు, ఉన్నట్టుండి తాళంలో ఎనిమిది దెబ్బల సేపు ఎవరూ ఉండరు. మళ్ళీ వస్తారు. గోడకి చిల్లు పడ్డట్టుంది. మూడు రిహార్సళ్ళ నుంచీ ఇంతే."

ఆయన మొదటి స్టాండు వైపే చూశాడు.

"ఆదివారం మీలో మీరు కూర్చుని ఆ చిల్లు ఎవరిదో తేల్చుకోండి. ఎవరిదైతే వాళ్ళు శనివారం వేదిక మీద ఉండరు. మిగతావాళ్ళతో వాయిస్తాను."

ఆ చిల్లు పడే చోటు ఎన్సికి బాగా తెలుసు. అది పేజీ తిప్పే చోటు. ప్రతి స్టాండు దగ్గరా ఇద్దరు కూర్చుంటారు. బయటి కుర్చీలో ఉన్నవాళ్ళు ఆపకుండా వాయిస్తారు. లోపలి కుర్చీలో ఉన్నవాళ్ళు కమాను ఆపి, వంగి, పేజీ తిప్పి, మళ్ళీ అందుకుంటారు. మొదటి స్టాండులో లోపలి కుర్చీ ఎన్సిది.

అందుకే ఈ ఆదివారం సమీక్ష. ఆర్కెస్ట్రాలో సమీక్షకు ఒక పద్ధతి ఉంది. అందరూ చాప మీద గుండ్రంగా కూర్చోవాలి. ఒక్కొక్కళ్ళూ తప్పు చేసిన మనిషికి వాళ్ళ తప్పు చెప్పాలి. చెప్పించుకున్న మనిషి జవాబివ్వకూడదు. "తీసుకున్నాను, థాంక్స్" అని మాత్రమే అనాలి. అందరూ అయ్యాకే నోరు విప్పాలి. అప్పటికి విప్పేందుకు సాధారణంగా ఏమీ మిగలదు.

నికెన్ మొదలుపెట్టింది.

"నీ వయొలిన్ మాతో కలవదు ఎన్సీ. విడిగా వినబడుతుంది. అందరం మెల్లగా మాట్లాడుకుంటుంటే మధ్యలో ఒక్కళ్ళు అరిచినట్టుంటుంది."

"తీసుకున్నాను అక్కా, థాంక్స్," అంది ఎన్సి.

దానాంగ్ గొంతు సవరించుకున్నాడు. చెప్పేందుకు అతనికేమీ ఉన్నట్టు లేదు. ఊరుకుంటే మాత్రం బాగుండదు.

"రిహార్సల్‌కి అరగంట ముందే వచ్చి కూచుంటున్నావ్. మేం టైముకొచ్చినా లేటొచ్చినట్టు కనబడుతోంది."

"తీసుకున్నాను అన్నా, థాంక్స్."

"నే చెప్తా," అన్నాడు గాయూ. గోడకు ఆనుకుని కాళ్ళు చాపుకున్నాడు. సమీక్షలో కాళ్ళు చాపడం ఒక్క గాయూకే చెల్లుతుంది. "ఈ అమ్మాయి పేజీ తిప్పడం మీరెప్పుడైనా చూశారా? మా మామ్మ పెనం మీద ఉప్పుచేప తిరగేస్తుంది, అలా ఉంటది. ఇటు పట్టుకుని, అటు చూసి, విరుగుతుందేమోనని భయపడి, అప్పుడు తిప్పుద్ది. ఈలోపు సింఫనీ అయిపోద్ది."

నవ్వారు. దానాంగ్ అందరికంటే ఎక్కువ నవ్వాడు.

"మీ ఊళ్ళో పుస్తకాలకి పేజీలుండవా ఏంటి? ఒకటే అట్టా?"

"తీసుకున్నాను అన్నా, థాంక్స్."

ఎన్సి చెవులు వేడెక్కాయి. తల దించుకుని చాప అల్లికలో ఒక పచ్చ పోగును చూస్తూ లోపల లెక్క వేసుకుంటోంది. స్టాండ్లు మూడు. తిప్పేవాళ్ళు ముగ్గురు: తను, దానాంగ్, నికెన్. వాయించేవాళ్ళు ముగ్గురు: లక్సిత, గాయూ, త్యుర్మా. తను చచ్చేంత ఆలస్యంగా తిప్పినా ఆ ముగ్గురి వయొలిన్లూ వినబడాలి కదా. మూడు వయొలిన్లు పలుకుతుంటే చిల్లు ఎలా పడుతుంది? ఈ మాట నాలుక చివరదాకా వచ్చింది. నోరు విప్పితే నియమం తప్పినట్టు. పైగా తను తలెత్తి నలుగురిలో మాట్లాడిన రోజు ఇప్పటిదాకా లేదు.

త్యుర్మా వంతు వచ్చింది. ఎన్సిని ఆర్కెస్ట్రాకు తీసుకొచ్చింది త్యుర్మాయే. ఇద్దరూ ఒకే మేడ మీద అద్దెగదుల్లో ఉంటారు. ఎన్సి గదిలో అరువు తెచ్చుకున్న వయొలిన్ మీద ఏదో గొణుగుతూ వాయించుకుంటుంటే తలుపు తోసుకొచ్చి, "ఒసేయ్, ఇంత వచ్చినదానివి ఇక్కడ దాక్కున్నావేంటే?" అని అడిగిన మనిషి. ఎన్సి ఆమె వైపు ఆశగా చూసింది.

"దీన్ని తెచ్చింది నేను కాబట్టి నాకూ మాటొస్తోంది," అంది త్యుర్మా, ఎన్సిని కాకుండా గోడ మీద పోస్టర్‌ను చూస్తూ. "నెమ్మదస్తురాలు కదా, సర్దుకుంటుందనుకున్నా. మాస్టారు మొదటి స్టాండుకేసి చూశాడంటే ఏదో ఉండే ఉంటది. అంతే. నాకింకేం లేదు."

"తీసుకున్నాను అక్కా," అంది ఎన్సి. థాంక్స్ అనడం మరిచిపోయింది.

"థాంక్స్," అని గుర్తుచేశాడు గాయూ.

"థాంక్స్."

లక్సిత అందరిలోకీ ఆఖరున మాట్లాడుతుంది. ఆమె ఎప్పుడూ గొంతు పెంచదు. ఆమె గొంతు ఎంత మెత్తబడితే అంత జాగ్రత్తగా ఉండాలని జట్టులో అందరికీ తెలుసు.

"చూడు చెల్లీ, నీ మనసు కష్టపెట్టాలని కాదు. నువ్వు మాకు కావాలనే కదా నా పక్కన కూచోబెట్టుకున్నా. ఇంతమంది పెద్దవాళ్ళుండగా. అవునా? ఆ నమ్మకం నిలబెట్టుకోవడం నీ పని. నిలబెట్టుకోలేకపోతే అది నా తప్పే అనుకుంటా. మనిషిని సరిగా చూసుకోలేదని."

"తీసుకున్నాను అక్కా, థాంక్స్."

"సరే, లేవండి. వాయించి చూద్దాం. తను ఇంకొంచెం త్వరగా తిప్పితే సరిపోతుందేమో. నాకు ఎవర్నీ పంపించాలని లేదు."

కుర్చీలు వేసుకున్నారు. గాయూ ఫోన్‌ను కిటికీ మీద పెట్టి రికార్డింగు నొక్కాడు. లక్సిత లెక్క చెప్పింది. ఆరు కమానులు లేచాయి.

ఆ భాగం మహా ఉరుకు. ఒక్కో దెబ్బకు నాలుగు స్వరాలు, పైకీ కిందికీ, ఊపిరి తీసుకునే సందు లేకుండా. దీన్ని ఎన్సి రోజూ పొద్దున్నే, గదిలో అద్దం ముందు కూర్చుని, అంకెలుగా మార్చుకుని, ముందు నోటితో పలికి, తరవాత వేళ్ళతో పలికించి వశం చేసుకుంది. ఇప్పుడు ఆమె వేళ్ళు వాటంతటవే పరిగెత్తుతున్నాయి. పేజీ చివర రాగానే కమాను ఎత్తింది, వంగింది, చటుక్కున తిప్పింది, మళ్ళీ అందుకుంది.

ఫోన్‌లో విన్నారు. పరుగు, పరుగు, పరుగు, ఆ తరవాత కాగితం చప్పుడు, కుర్చీ కిర్రుమన్న చప్పుడు. తరవాత మళ్ళీ పరుగు.

"ఇంకా త్వరగా," అంది లక్సిత.

రెండోసారి ఎన్సి ఎంత త్వరగా తిప్పిందంటే కాగితం మూల చిరిగి చేతిలోకి వచ్చింది. చిల్లు సగానికి తగ్గింది గానీ పోలేదు.

"అక్కా," అంది ఎన్సి. గొంతు పీలగా వచ్చింది. "నాకు ఆ పేజీ, తరవాతి పేజీ కంఠతా వచ్చు. నేను తిప్పకుండానే వాయించేస్తా. ఆగను."

"నువ్వు తిప్పకపోతే నాకెలా కనబడుద్ది?" అంది లక్సిత.

"మీరు... మీరు తిప్పండి, ఒక్కసారి. నేను వాయిస్తూ ఉంటా."

వెనక నుంచి గాయూ ఈల వేశాడు.

"చూశారా? తూర్పు నుంచి సూర్యుడే అనుకున్నా, మహారాణులు కూడా వస్తారన్నమాట. జట్టు పెద్ద కూచుని మొదటి ఏడు పిల్లకి పేజీలు తిప్పాలంట. తర్వాత విసనకర్రతో విసరాలా అమ్మా?"

"ఊరుకో గాయూ," అంది లక్సిత మెత్తగా. "తిప్పుతాలే. ఒక్కసారే కదా. తనకే తెలిసొస్తుంది."

మూడోసారి వాయించారు. పేజీ చివర లక్సిత కమాను ఆపి తిప్పింది. ఎన్సి ఆగలేదు. ఫోన్‌లో విన్నప్పుడు పరుగు మొదటి నుంచి చివరిదాకా ఎక్కడా తెగకుండా సాగిపోయింది. చిల్లు లేదు.

నికెన్ అంది:

"అదే కదా మేం చెప్పేది. తను తిప్పినప్పుడే చిల్లు. అక్క తిప్పితే లేదు. తిప్పడమే తప్పు."

"మరి అక్కే తిప్పొచ్చు కదా, ఇక నుంచి," అన్నాడు దానాంగ్ అమాయకంగా. నికెన్ అతని మోకాలి మీద గట్టిగా తట్టింది. వేదిక మీద, వైస్ ఛాన్సలర్ ముందు వరసలో కూర్చుని చూస్తుండగా, జట్టు పెద్ద వంగి కిందిదానికి పేజీ తిప్పడమన్నది ఈ ఆర్కెస్ట్రాలో జరగలేదు. తను అడిగింది ఎంత పెద్ద మాటో ఎన్సికి అప్పుడు తెలిసింది. సిగ్గు కాదు, కోపం వచ్చింది. ఇంత సుళువైన పని. రెండు వేళ్ళతో అయ్యే పని.

అప్పుడు జుమీరా పెద్దమ్మ సోయా గింజలతో చేసి వేయించిన వేడి వేడి టెంపే ముక్కలున్న పళ్ళెం పట్టుకుని లోపలికి వచ్చింది. వచ్చినావిడ గుమ్మంలోనే ఆగిపోయి మనుషులను లెక్కపెట్టింది.

"అదేంటి, అందరూ వచ్చేశారా? ఒక్క పిల్లే కూచుని సాధన చేసుకుంటోంది, మిగతావాళ్ళు ఇంకా రాలేదు కదాని నాలుగే వేయించుకొచ్చా."

"పొద్దున్నుంచీ అందరం ఇక్కడే ఉన్నాం పెద్దమ్మా," అంది త్యుర్మా.

"ఉంటే మరి వాయించరేం?"

"వాయిస్తూనే ఉన్నాం. మూడుసార్లు వాయించాం," అన్నాడు గాయూ. "మీ చెవుల్లో నూనె పడినట్టుంది."

"నా చెవులకేం బాబూ. నీ ఫోన్ మోగితే రెండో వీధి నుంచి చెప్తా," అంది పెద్దమ్మ. "ఒకటే వినబడింది. అదీ మధ్యలో ఓసారి ఆగింది. సరేలే, ఇంకో ఎనిమిది వేయించుకొస్తా." పళ్ళెం చెల్లో పక్కన పెట్టేసి వెళ్ళిపోయింది.

దానాంగ్ ముక్క తీసుకోబోయి చెయ్యి వెనక్కి లాక్కున్నాడు.

"ఈ పెద్దావిడకి సంగీతం ఏం తెలుసని," అంది నికెన్. "కానీండి, ఇంకోసారి."

"ఇంకోసారి," అంది లక్సిత. "ఎన్సి తిప్పుద్ది. మూడు, నాలుగు..."

ఐదు కమానులు లేచాయి. ఎన్సి వయొలిన్ ఒళ్ళోనే ఉంది. ఎందుకు ఎత్తలేదో ఆ క్షణాన ఆమె కూడా చెప్పలేకపోయేది. చెయ్యి లేవలేదు. లేపాలని లేదు.

ఐదుగురూ వాయించారు. కమానులు ఒక్కటిగా పైకి, ఒక్కటిగా కిందికి. ఎడమ చేతి వేళ్ళు తీగల మీద చకచకా పాకుతున్నాయి. నికెన్ కళ్ళు మూసుకుని తల కూడా ఊపుతోంది. వంటింట్లో నూనె చిటపటమంటోంది. సందులో మీట్‌బాల్స్ బండివాడు గిన్నె మీద చెంచాతో కొట్టుకుంటూ పోతున్నాడు. గోడ గడియారం టిక్కు టిక్కుమంటోంది. గదిలో ఇంకే చప్పుడూ లేదు.

ఎన్సి మెల్లగా పక్కకు తిరిగి చూసింది. లక్సిత కమాను తీగను తాకడం లేదు. తీగకూ, కమాను వెంట్రుకలకూ మధ్య ఒక చీమ పట్టేంత ఎడం ఉంది. అంత వేగంగా ఊగుతున్నా ఆ ఎడం పెరగదు, తరగదు. వెనక్కి చూసింది. గాయూ అంతే. త్యుర్మా అంతే. ఒకళ్ళనొకళ్ళు చూసుకోకుండా అందరూ అంతే. పేజీ చివర రాగానే దానాంగ్ చక్కగా వంగి, గాయూ కోసం, పలకని పాటకు పేజీ తిప్పాడు.

ఎన్సి వాయించడం లేదని అప్పటికి లక్సితకు తెలిసింది. ఆమె కమాను గాల్లో ఆగింది. తరవాత ఒక్కొక్కటే ఆగాయి. నికెన్ కళ్ళు తెరిచింది ఆఖరున.

మూడు నెలలు. ఎన్సికి తన వయొలిన్ తన చెవి కిందే మోగుతుంటే పక్కవాళ్ళది వినబడదు. వినబడకపోవడం అలాగే ఉంటుందనుకుంది. వయొలిన్ పట్టుకుని కూర్చున్న మనిషి వాయించకుండా వాయించినట్టు ఊగుతాడని ఆమె ఊహకు ఎన్నడూ రాలేదు. ఐదుగురి బ్యాండులో అలా దాక్కునేందుకు చోటుండదు. మొదటి స్టాండు ఎందుకు ఇచ్చారో ఇప్పుడు తెలిసింది. అందరికీ వినబడే చోట చప్పుడు చేసేది ఒకటి కావాలి, అందుకు.

ముందు మాట్లాడింది దానాంగ్.

"నేను మీరంతా వాయిస్తున్నారనుకున్నా. అందుకే నేను... కష్టంగా ఉంది కదా అని..."

"నాకు మొదటి రెండు లైన్లు వచ్చు," అంది నికెన్. "ఆ తర్వాత త్యుర్మా ఉంది కదా అని."

"నేనెక్కడ ఉన్నానే?" అంది త్యుర్మా. "గాయూ అన్న ఉన్నాడు కదా అనుకున్నా. నాలుగేళ్ళ నుంచి వాయిస్తున్నాడని."

గాయూ నవ్వబోయాడు. అది నవ్వులా రాలేదు. "ఆరేళ్ళు," అన్నాడు. "ఆరేళ్ళ నుంచీ ఈ ముక్క ఎవడూ వాయించలేదు. మా పెద్దవాళ్ళు నాకు నేర్పిందే ఇది. కష్టమైనచోట కమాను ఎత్తు, మొహం మాత్రం సీరియస్‌గా పెట్టు అని. ఆరేళ్ళూ ఎవరూ అడగలేదు."

"అడగలేదు," అంది లక్సిత. ఆమె ఎన్సి వైపు తిరిగింది. మొహంలో కోపం లేదు. లెక్క చూసుకుంటున్న మనిషిలా ఉంది. "ఎందుకు అడగలేదు? అసలేమీ వినబడకపోతే ఎవరికీ తెలీదు కాబట్టి. ఆ చోట మొదటి వయొలిన్లు పన్నెండు మంది గట్టిగా వాయిస్తుంటారు. ట్రంపెట్లు ఉంటాయి. కింద మనం ఉన్నామో లేమో దేవుడికి కూడా వినబడదు. ఒక్కటి వినబడి, అది ఆగిపోతేనే చిల్లు."

"అంటే?" అన్నాడు దానాంగ్.

"అంటే చిల్లు నీదే ఎన్సీ. నువ్వు రాకముందు లేదు."

ఎన్సి ఆమెను చూసింది. ఇది తమాషాకు అంటోందేమోనని ఒక్క క్షణం అనుకుంది. కాదు.

"అక్కా, నేను వాయిస్తున్నాను," అంది. "నేనొక్కదాన్నే వాయిస్తున్నాను."

"అదే చెప్తున్నా."

"మీరు నేర్చుకోవచ్చు. ఆరు రోజులుంది. నేను చెప్తా. అంకెల్లో రాసిస్తా, తేలిగ్గా ఉంటది..."

"ఇదిగో," అంది నికెన్, లేచి నిలబడి. "పాఠాలు కూడా మొదలెట్టింది. ఇందాక పేజీలు తిప్పించుకుంది, ఇప్పుడు పంతులమ్మ."

"సమీక్ష అయ్యాక మాట్లాడొచ్చు కదా," అంది ఎన్సి. తన గొంతు ఇంత గట్టిగా ఉంటుందని ఆమెకే తెలియదు. "అందరివీ తీసుకున్నాను కదా. నా మాట ఒక్కటి మీరు తీసుకోండి. మీకు సిగ్గు లేదు. ఒక్కళ్ళకి కూడా లేదు. మా తాత వేళ్ళు ముడుచుకుపోయాక కూడా వాయించాడు, నాలుగు స్వరాలే వాయించాడు. కానీ వాయించాడు."

గాయూ చెయ్యి చాచి టెంపే ముక్క తీసుకుని కొరికాడు. "తీసుకున్నాం చెల్లీ," అన్నాడు నములుతూ. "థాంక్స్."

ఈసారి ఎవరూ నవ్వలేదు. అది ఎన్సికి నవ్వినదానికంటే ఎక్కువ మంటగా ఉంది.

"వయొలిన్ పెట్టెలో పెట్టేయ్," అంది లక్సిత. "నేను మాస్టారికి ఇప్పుడే మెసేజ్ పెడతా. చిల్లు దొరికింది, సరిచేశాం అని. శుక్రవారం ఆయన వింటాడు, చిల్లు ఉండదు. ఆయనకు నీ పేరు కూడా తెలీదు. మొదటి స్టాండు లోపలి అమ్మాయి అంటాడు. నికెన్ అక్కడికి వస్తుంది."

ఆ వయొలిన్ ఆర్కెస్ట్రాది, తాతది ఊళ్ళోనే బ్యాండు దగ్గర ఉండిపోయింది. అడుగున తెల్ల రంగుతో అంకె రాసి ఉంటుంది, చేరినప్పుడు సంతకం పెట్టి తీసుకుంది. ఎన్సి దాన్ని ఒళ్ళో పెట్టుకుని, కమానుకు పూసిన రోజిన్ తీగలకు రాసుకుని కింద రాలిన తెల్లటి పొడిని గుడ్డతో తుడిచింది. కమాను మర తిప్పి వెంట్రుకలు వదులు చేసింది. బిగువుగా వదిలేస్తే కమాను వంగిపోతుంది. ఇంత కోపంలో కూడా ఆ పని ఆమె చేతులు సరిగానే చేశాయి. ఐదుగురూ చూస్తూ నిలబడ్డారు. మిగతా వయొలిన్ల కింద పొడి లేదు. అది కూడా ఆమె ఇప్పుడే గమనించింది.

పెట్టె మూసి గోడ వారగా పెట్టింది. "త్యుర్మా, కాస్త చూసుకో," అంది లక్సిత ఫోన్‌లో రాసుకుంటూ. చూసుకో అంటే బయటికి పంపు అని.

త్యుర్మా ఆమె వెంట గుమ్మందాకా వచ్చింది. బయట ఎండ తెల్లగా ఉంది. ఎన్సి అరుగు మీద వంగి చెప్పులు తొడుక్కుంది.

"నిజంగా తెలీదా నీకు?" అని అడిగింది త్యుర్మా గొంతు తగ్గించి. "మూడు నెలలు మా మధ్యలో కూచుని?"

"తెలీదు."

"నా గదిలోంచి ఎప్పుడైనా ఈ ముక్క వినబడిందా నీకు? ఒక్కసారైనా? గోడ ఇటు నువ్వు, అటు నేను."

ఎన్సి ఆలోచించింది. వినబడలేదు. "మీరు వేరే చోట వాయించుకుంటారనుకున్నా."

"ఎంత మంచిదానివే," అంది త్యుర్మా. అది మెచ్చుకోలు కాదు.

"నేను మాస్టారి దగ్గరికెళ్ళి చెప్తా. ఇప్పుడే."

"చెప్పు. ఆయనొస్తాడు. ఒక్కొక్కళ్ళనీ లేపి వాయించమంటాడు. ఐదు కుర్చీలు ఖాళీ అవుతాయి. రెండో వయొలిన్లు లేకుండా సింఫనీ ఉండదు, శనివారం కచేరీ ఆగిపోతుంది. అప్పుడు నువ్వు ఎక్కడ కూచుంటావ్? నీ ఊరోళ్ళు చర్చి దగ్గర ఏం చూస్తారు?"

లోపల లక్సిత లెక్క పెట్టింది. "మూడు, నాలుగు..."

ఎన్సి నోరు తెరిచింది. ఆమె ఏం అనబోయిందో వినకుండానే త్యుర్మా లోపలికి ఒక అడుగు వేసి, ఇంకా ద్వారబంధం మీదే ఉన్న ఎన్సి చేతిని రెండు వేళ్ళతో పక్కకు జరిపి, తలుపు వేసేసింది.